పొక్లెయిన్ల షెడ్డులో ఒక ఏడాది

దాచేపల్లి దాటి సున్నపురాయి క్వారీల వైపు వెళ్లే రోడ్డు పక్కన ఒక పెద్ద రేకుల షెడ్డు ఉంది. క్వారీల్లో రాయి తవ్వే, ఎత్తే, మోసే యంత్రాలు పాడైతే అక్కడికి తీసుకొస్తారు. కదల్లేని వాటి దగ్గరికి షెడ్డు జీపే వెళుతుంది. ఐటీఐలో డీజిల్ మెకానిక్ పాసై, ఏడాది అప్రెంటిస్ కోసం నేను ఆ షెడ్డులో అడుగుపెట్టిన రోజుకి నాకు ఇరవై ఏళ్లు. నాతోపాటు చేరినవాళ్లు ఇంకో ముగ్గురు. ముగ్గురూ అబ్బాయిలే.

ఆఫీసులో మేనేజరు గారు నా కాయితాలు చూశారు, నన్ను చూశారు, మళ్లీ కాయితాలు చూశారు.

"స్పేర్ పార్టుల గదిలో కూర్చుంటావా అమ్మా? అక్కడ ఫ్యాను కూడా ఉంటుంది."

ఆయన నా మంచి కోరే అన్నారు. కానీ ఆ గదిలో ఏడాది కూర్చుంటే డబ్బాల మీద నంబర్లు చదవడం తప్ప నాకేం వస్తుంది? "వద్దండీ, బండ్ల దగ్గరే ఉంటాను," అన్నాను. ఆయన భుజాలు ఎగరేసి, షెడ్డు చివర పని చేసుకుంటున్న హెడ్ మెకానిక్ వైపు చూపించారు.

అందరూ ఆయన్ని మేస్త్రీ గారు అనేవాళ్లు. అరవైకి దగ్గర పడ్డ మనిషి. తెల్లటి గడ్డం, అందులో అక్కడక్కడా గ్రీజు చుక్కలు. కళ్లజోడు జారిపోకుండా వెనకాల పురికొసతో కట్టుకునేవారు. మధ్యాహ్నం నమాజు వేళకి చేతులు మోచేతుల దాకా శుభ్రంగా కడుక్కుని షెడ్డు వెనక నీడలోకి వెళ్లేవారు. రోజు మొత్తంలో ఆయన చేతులు తెల్లగా కనిపించేది ఆ కాసేపే. నన్ను చూసి ఒకటే ప్రశ్న అడిగారు.

"ఎండకి తట్టుకుంటావా అమ్మాయ్?"

"మాది పొదిలి అవతల మెట్ట ఊరండీ. బడి లేనప్పుడల్లా మిరపకాయలు కోసినదాన్నండీ."

ఆయన నవ్వారు. "అయితే మంట గురించి నేను నీకు చెప్పేదేం లేదు. పద."

మొదటి నెలన్నర నాకూ, ఆ అబ్బాయిలకూ ఒకటే పని, కడగడం. పొక్లెయిన్ అంటే మా ఊళ్లో కాలవలు తవ్వేటప్పుడు చూసిందే. కానీ దాని కింద దూరి, ఇనప గొలుసుల పట్టాల మధ్య పడుకుంటే అది వేరే లోకం. సున్నపురాయి దుమ్ము గ్రీజుతో కలిసి రాయిలా గట్టిపడి ఉంటుంది. దాన్ని ఇనప పలకతో గీకి, డీజిల్ పూసి, బ్రష్షుతో రుద్ది, నీళ్లు కొట్టాలి. అబ్బాయిల్లో ఒకడు రెండో వారానికే విసుక్కున్నాడు. "మేస్త్రీ గారూ, దీనికి ఐటీఐ ఎందుకండీ, లారీలు కడిగేవాళ్లు చాలు కదా."

మేస్త్రీ గారు వాణ్ణి వాడు కడిగిన బండి దగ్గరికే తీసుకెళ్లి, "ఇందులో నూనె ఎక్కడ కారుతోందో చెప్పు," అన్నారు. వాడు తడుముకున్నాడు. "నువ్వు మట్టి వదిలించావు గానీ బండిని చూడలేదురా. మట్టి ఎక్కడ పొడిగా ఉంది, ఎక్కడ జిడ్డుగా ఉంది, అది చూస్తూ గియ్యి. జిడ్డు ఉన్నచోట లోపల నూనెని ఆపే రబ్బరు సీలు ఏదో పోయింది. కడిగేశాక ఆ గుర్తు ఉండదు." ఆ మాట తర్వాత కడగడం నాకు బరువనిపించలేదు. సాయంత్రానికి ఏ బండికి ఎక్కడ కారుతోందో నోట్సులో రాసి ఆయనకి చూపించేదాన్ని.

నా మకాం మేస్త్రీ గారి ఇంటి మీద గదిలో. ఆయన భార్యని పిన్ని గారూ అని పిలిచేదాన్ని. ఆవిడ మొదటి రోజే పెరట్లో పంపు దగ్గర ఒక డబ్బాలో బట్టల సబ్బుపొడి, పక్కనే గిన్నెలో పంచదార పెట్టింది. రెండూ కలిపి రుద్దితే గ్రీజు పోతుంది. "ఇన్నేళ్లూ ఈయనొక్కడి జిడ్డుకే సబ్బు చాల్లేదు. ఇప్పుడు ఇద్దరయ్యారు. చెయ్యి తెల్లబడేదాకా వంటగది గడప తొక్కావో చూడు," అని బెదిరించి, ఐదు నిమిషాలకే గడప దగ్గరికి ప్లేటు తెచ్చి పెట్టేది. నా చేతులు ఏడాది మొత్తంలో ఎప్పుడూ పూర్తిగా తెల్లబడలేదు. ఆవిడ ఒక్కరోజు కూడా అన్నం ఆపలేదు.

మూడో నెలలో నాకు విప్పే, బిగించే పని ఇచ్చారు. అప్పుడే షెడ్డు మొత్తం నవ్వుకునే పని ఒకటి చేశాను.

ఒక పొక్లెయిన్‌కి తవ్వే బకెట్‌ని మడిచే సిలిండర్‌లో సీళ్లు పోయాయి. మేస్త్రీ గారు పక్కనే ఉండి మార్పించారు. చివర్లో రెండు హోస్ పైపులు బిగించే పని నా మీద పెట్టి భోజనానికి వెళ్లారు. రెండూ ఒకే లావు, ఒకే పొడుగు. ఒకటి బకెట్‌ని లోపలికి మడుస్తుంది, రెండోది బయటికి చాపుతుంది. ఏది ఎక్కడిదో నాకు గుర్తుందనే అనుకున్నాను. బిగించాను, పానాతో రెండోసారి కూడా చూసుకున్నాను, మురిసిపోయాను.

ఆ బండి ఆపరేటరు దర్శి మనిషి. ఆరడుగుల పైన ఉంటాడు, నడివయసు, మీసం. తన బండిని ఎవరైనా కాలితో తాకినా ఊరుకునేవాడు కాదు. సీటు మీద ఉతికిన దుప్పటి పరుచుకుని, అద్దాలు రోజుకు రెండుసార్లు తుడుచుకుంటాడు. ఆ మధ్యాహ్నం ఎక్కి కూర్చుని బకెట్‌ని లోపలికి మడుద్దామని లివరు లాగాడు. బకెట్ లోపలికి రాకుండా ఠక్కున బయటికి చాచుకుంది. ఎదురుగా నీళ్ల డ్రమ్ము, దాని పక్కన మేనేజరు గారి మోటారు సైకిలు. మనుషులెవరూ లేరు కాబట్టి సరిపోయింది. డ్రమ్ము బోర్లాపడి నీళ్లన్నీ మోటారు సైకిలు మీద దుమికాయి. ఆపరేటరు కంగారులో లివరు ఇంకా లాగాడు, బకెట్ ఇంకా చాచుకుంది.

"ఒరేయ్, ఎవడ్రా దీన్ని బిగించింది!" అని అరుస్తూ దిగాడు.

నేను చెయ్యెత్తాను. అప్పుడే భోజనం చేసి వస్తున్న మేస్త్రీ గారితో ఆపరేటరు అందరికీ వినపడేలా చెప్పాడు. "ఈ అమ్మాయి చెయ్యి పెట్టిన బండి ఇక నేనెక్కను. మేస్త్రీ గారూ, మీకు ముందే చెప్తున్నా."

నాకు ఏడుపొచ్చింది గానీ, అబ్బాయిల ముందు ఏడవడం ఇష్టంలేక మోటారు సైకిలు తుడుస్తూ కూర్చున్నాను. మేస్త్రీ గారు వచ్చి నా పక్కన గొంతుక్కూర్చున్నారు. తిట్టలేదు. "నేను నేర్చుకునేటప్పుడు స్టీరింగు పైపులు మార్చి బిగించాను. కుడికి తిప్పితే ఎడమకి పోయింది. మా గురువు గారి సైకిలు మీంచే పోయింది. నీ వల్ల బండి తడిసింది, అంతే కదా," అన్నారు. తర్వాత జేబులోంచి పాత చీర ముక్క తీసి సన్నగా చించి చేతిలో పెట్టారు. "విప్పే ముందు రెంటికీ గుర్తు కట్టు. నీ జ్ఞాపకం మీద నమ్మకం పెట్టుకోకు. నాకే లేదు." అప్పట్నుంచి నా జేబులో ఎర్రవి, తెల్లవి గుడ్డపీలికలు ఉండేవి. అబ్బాయిలు కొన్నాళ్లు జడ రిబ్బన్లు అని ఏడిపించారు. నెల తిరక్కుండా ముగ్గురూ వచ్చి నా దగ్గరే అడిగి తీసుకున్నారు.

నేను చేసే పని గురించి అమ్మ ఊళ్లో ఎవరికీ సరిగ్గా చెప్పలేదు. ఎవరడిగినా "కంపెనీలో ట్రైనింగు" అని మాట మార్చేసేది. ఐదో నెలలో ఒకరోజు, ఫోను కూడా చెయ్యకుండా, పండుమిరప పచ్చడి సీసాతో నేరుగా షెడ్డుకే వచ్చేసింది. నేను రాయి ఎత్తిపోసే ఒక లోడరు కింద పడుకుని గేరు ఆయిలు దించుతున్నాను. బయటికి నా బూట్లు మాత్రమే కనిపిస్తున్నాయి. అమ్మ ఆ బూట్ల దగ్గర నిలబడి మర్యాదగా అడిగింది.

"ఏవండీ, ఇక్కడ మా అమ్మాయి ఉండాలి. కాస్త పిలుస్తారా?"

"అమ్మా, నేనే!" అన్నాను కింద నుంచి.

అమ్మ అడుగు వెనక్కి వేసింది. నేను పాకుతూ బయటికొచ్చాక నన్ను పైనుంచి కింద దాకా చూసింది. "ఏమే, ఈ అవతారం ఏంటే?" అని కొంగుతో నా నుదురు తుడిచింది. కొంగు నల్లబడింది. ఇంకోచోట తుడిచింది, అదీ నల్లబడింది. చివరికి తుడవడం మానేసి పక్కనున్న టైరు మీద కూర్చుంది.

మేస్త్రీ గారు కుర్చీ తెప్పించారు. "మీ అమ్మాయి కడగడం చాలా బాగా కడుగుతుందండీ," అన్నారు.

అమ్మకి కోపం వచ్చింది. "కడగడానికాండీ ఇంత చదివించింది?"

"కడగడం రానివాళ్ల చేతికి నేను పానా ఇవ్వనండీ. మీ అమ్మాయి చేతికి ఇచ్చి రెండు నెలలైంది."

అమ్మ మధ్యాహ్నం దాకా కదలకుండా చూసింది. నేను గ్రీజు గన్ను పట్టుకుని బకెట్ పిన్నులకి గ్రీజు కొడుతుంటే లేచి వచ్చి, "ఏదీ, ఇటివ్వు," అని తీసుకుని తనే నాలుగుసార్లు నొక్కింది. గ్రీజు అటు పక్కనుంచి బుస్సున బయటికొచ్చింది. "ఇంతేనా? పచ్చడి దంచే రోకలి కంటే ఇదే తేలిక," అంది. షెడ్డులో అందరూ నవ్వారు. సాయంత్రం బస్సెక్కేటప్పుడు నాతో మెల్లగా, "తినేముందు గోళ్లు చూసుకో," అని మాత్రం చెప్పి వెళ్లింది. పని మానేసి రమ్మనలేదు.

ఎండలు ముదిరాక, దర్శి వైపు ఒక ఊరి చెరువులో పూడిక తీసే పని పడింది. వాన పడేలోపు ఆ ఒండ్రు మట్టిని తోలుకెళ్లి మిరప చేలల్లో పరుచుకోవాలని రైతులు ట్రాక్టర్లతో వరస కట్టారు. మట్టి తవ్వి ట్రాక్టర్ల వెనక ట్రక్కుల్లోకి పోస్తున్నది మన ఆరడుగుల ఆపరేటరు. నాలుగో రోజు ఆయన ఫోను చేశాడు. బండి లాగడం లేదు, పంపు ఏడుస్తోంది, పోయేలా ఉందన్నాడు. పంపు అంటే పొక్లెయిన్‌కి గుండెకాయలాంటిది. నూనెని తోసి బండిని కదిలించేదే అది. పంపు పోతే బండిని ట్రైలరు మీద ఎక్కించి షెడ్డుకి తేవాలి. చెరువు పని అక్కడికి ఆగిపోతుంది.

మేస్త్రీ గారు జీపు తాళాలు తీసుకుని, "నువ్వు రా," అన్నారు నాతో.

మేము వెళ్లేసరికి చెరువు మధ్యలో బండి ఆగి ఉంది. ట్రాక్టర్ల వాళ్లు తుమ్మచెట్ల నీడన చేరి మా వైపే చూస్తున్నారు. ఆపరేటరు నన్ను చూసి ముఖం అటు తిప్పుకున్నాడు. మేస్త్రీ గారు బండి స్టార్ట్ చేయించి, చెవి పెట్టి విన్నారు. కుయ్యిమని సన్నటి ఏడుపు. బండి చెయ్యి నత్తలా లేస్తోంది. ఆయన ముఖం వాడిపోయింది. "పంపే అయ్యుంటుంది," అని ట్రైలరు కోసం ఫోను చెయ్యడానికి గట్టు మీదికి నడిచారు.

నేను ఆపరేటరు దగ్గరికి వెళ్లాను. "బాబాయ్, పొద్దున్న స్టార్ట్ చేసినప్పుడు కూడా ఇలాగే ఉంటుందా?"

ఆయన నావైపు చూడకుండానే చెప్పాడు. "ఉండదు. బానే లేస్తుంది. అరగంట పోయాక ఏడుపు మొదలెడుతుంది. ఆపి కాసేపు వదిలేస్తే మళ్లీ బాగుంటుంది."

ఆ మాట వినగానే నాకు మా చేలో మందు కొట్టే తైవాన్ పంపు గుర్తొచ్చింది. నాన్న దాన్ని వీపున తగిలించుకుని మిరప సాళ్లలో నడుస్తుంటే పది నిమిషాలకోసారి ఆగిపోయేది. కాసేపు ఆగితే మళ్లీ నడిచేది. పెట్రోలు ట్యాంకు మూతకి గాలి వెళ్లే సన్నటి బెజ్జం ఉంటుంది, అది మట్టితో పూడుకుపోయింది. పెట్రోలు కిందికి దిగినంత మేర గాలి లోపలికి వెళ్లకపోతే ఇక దిగదు. పిన్నీసుతో పొడిస్తే బాగైపోయింది. పొక్లెయిన్ నూనె ట్యాంకు మీద కూడా గాలి పీల్చుకునే మూత ఒకటి ఉంటుందని షెడ్డులో కడిగేటప్పుడు చూశాను.

"బకెట్ నేల మీద ఆనించి ఇంజను ఆపు బాబాయ్," అన్నాను. ఆయన గొణుక్కుంటూనే ఆపాడు. నేను పైకెక్కి ట్యాంకు పెద్ద మూతని మెల్లగా వదులు చేశాను. స్స్‌స్‌స్ మని గాలి లోపలికి దూసుకెళ్లింది. ఎంతసేపటికీ ఆగలేదు. పక్కనున్న, గాలి పీల్చుకునే చిన్న మూత మీద కప్పిన గుడ్డ తీశాను. దాని కింద ప్లాస్టిక్ కవరు. పచ్చడి జాడీకి వాసెన కట్టినట్టు, ముడత లేకుండా లాగి, మూడు రబ్బరు బ్యాండ్లు వేసి బిగించి ఉంది. అంత ముచ్చటగా కట్టే మనిషి ఆ బండి దగ్గర ఒకరే ఉన్నారు. కిందికి చూశాను. ఆపరేటరు నన్నే చూస్తున్నాడు. ఆయనకీ అర్థమైపోయింది. చెరువు దుమ్ము లోపలికి పోకూడదని, పాపం, తనే కట్టాడు.

గట్టు మీంచి ఒక పెద్ద రైతు కేకేశాడు. "ఏమైందమ్మా? పంపు పోయినట్టేనా?"

నేను కవరు విప్పి, నలిపి జేబులో పెట్టుకున్నాను. "లేదండీ. గాలి ఆడక ఊపిరి బిగిసింది. శుభ్రం చేశాం."

మూత పెట్టి స్టార్ట్ చేస్తే ఏడుపు లేదు. మేస్త్రీ గారు ఫోను చెవి దగ్గరే పెట్టుకుని గబగబా దిగొచ్చారు. ముప్పావుగంట నిలబడి విన్నాం. చెయ్యి పైకి, కిందికి, బకెట్ లోపలికి, బయటికి, అన్నీ సాఫీగా నడిచాయి. ట్రాక్టర్ల వాళ్లు ఈలలు వేశారు.

ఆపరేటరు కిందికి దిగి నా దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించి, "అమ్మాయ్, ఆ కవరు..." అన్నాడు.

"ఏ కవరు బాబాయ్?" అన్నాను.

ఆయన మీసం కింద నవ్వాడు. "ఎక్కు," అన్నాడు. "ఎక్కి కూర్చో. నడపడం రాకపోతే బాగుచేయడం సగమే వస్తుంది." ఉతికిన దుప్పటి మీద, నా గ్రీజు బట్టలతోనే కూర్చోబెట్టాడు. తను పక్కన నిలబడి, ఏ లివరు ఎంత లాగాలో చెయ్యి మీద చెయ్యి వేసి చూపించాడు. నా మొదటి బకెట్ మట్టిలో సగం ట్రక్కులో పడింది. సగం పక్కన నిలబడ్డ రైతు కాళ్ల దగ్గర పడి, దుమ్ము ఆయన తలపాగా దాకా లేచింది.

"ఒరేయ్, చేలో పోసుకుంటామంటే నా నెత్తిన పోస్తావేంట్రా!" అని ఆయన కళ్లు నులుముకుని పైకి చూశాడు. నేను కనిపించాను. "నువ్వా తల్లీ? సరే, పొయ్యి పొయ్యి. నేనే పక్కకి జరుగుతా," అన్నాడు. చెరువంతా నవ్వులు. నాలుగో బకెట్‌కి మట్టి మొత్తం ట్రక్కులోనే పడింది.

తిరిగొచ్చేటప్పుడు కూడా జీపు మేస్త్రీ గారే నడిపారు. దారిలో, "నేను పంపే అనుకున్నాను. ట్రైలరుకి కూడా చెప్పేశాను. ఆపరేటర్ని అడగాలని తోచలేదు," అన్నారు. "ఇది ఇంట్లో చెప్పకు," అని కూడా అన్నారు. నేను సరేనన్నాను. ఇంటికెళ్లి పంపు దగ్గర చేతులు కడుక్కుంటుండగానే, "ఇవ్వాళ ఏం బాగుచేశారు?" అని పిన్ని గారు అడిగింది. "నేనా? నేను జీపు నడిపాను, అంతే. బాగుచేసింది ఇది," అని మొత్తం ఆయనే చెప్పేశారు, స్స్‌స్ అన్న చప్పుడుతో సహా. నాలుగిళ్ల అవతలికి వినపడి ఉంటుంది.

ఏడాది చివర పరీక్ష పెట్టారు. బయటినుంచి వచ్చిన ఎగ్జామినరు ఒక సిలిండర్ ఇచ్చి, విప్పి సీళ్లు మార్చి బిగించమన్నారు. ఒక రబ్బరు రింగు చేతిలోంచి జారి బల్ల కిందికి దొర్లింది. దాన్ని వెతకడానికి బల్ల కింద దూరితే ఆయన నవ్వి, "నిదానంగా చెయ్యమ్మా, టైము ఉంది," అన్నారు. దుమ్ము అంటింది కదాని ఆ రింగు పక్కన పెట్టి కొత్తది అడిగాను. దానికే ఆయన ఎక్కువ మార్కులు వేశారని తర్వాత తెలిసింది. నలుగురం పాసయ్యాం. ఒకబ్బాయి ఓడరేవు వైపు పెద్ద క్రేన్ల పనికి వెళ్లాడు. మిగతా ముగ్గుర్నీ షెడ్డులోనే మెకానిక్కులుగా తీసుకున్నారు.

మెకానిక్‌గా నన్ను ఒంటరిగా పంపించిన మొదటి పని పొదిలి దగ్గర. ఒక పత్తి రైతు చేలో నీటి గుంట తవ్వుతున్న బండికి హోస్ పైపు పగిలింది. మిట్టమధ్యాహ్నం జీపు దిగి టూల్‌బాక్సు కింద పెట్టాను. రైతు ఎదురొచ్చి, నా వెనక జీపులోకి తొంగి చూశాడు. వెనక సీటు చూశాడు. డ్రైవర్ని చూశాడు.

"మెకానిక్కు ఏడమ్మా? వెనక వస్తున్నాడా?"

"నేనేనండీ."

ఆయన బండి వైపు చూశాడు, నా బూట్లు చూశాడు, నెత్తిమీదున్న ఎండని చూశాడు.

"అట్టాగా? అయితే ముందు నీడకి రామ్మా, మజ్జిగ తాగు. బండి ఎక్కడికీ పోదు," అన్నాడు.

చెంబెడు మజ్జిగ తాగి, చేతులు తుడుచుకుని, పగిలిన పైపు చూడ్డానికి లేచాను.